పొయ్యి చెడిపోలేదు, మూసుకుపోయింది: ఇంట్లో గ్యాస్ స్టవ్ బిగించుకోవడం, బాగుచేసుకోవడం

నల్లగొండలో మేం ఇప్పటికి నాలుగు ఇండ్లు మారాం. కొత్త ఇంట్లోకి పోగానే అమ్మ పాలు పొంగిస్తానంటుంది. ఆ పాలు పొంగాలంటే ముందు నేను స్టవ్ బిగించాలి. మొదటి ఇంట్లో ఆ పని మెకానిక్‌తో చేయించాను. రెండో ఇంట్లో నేనే బిగించాను, అదీ తప్పుగా. ఆ తప్పేమిటో పైపు దగ్గరికి వచ్చినప్పుడు చెబుతాను. తర్వాతి రెండు చోట్ల సరిగ్గానే కుదిరింది.

ఒక్క లెక్క ముందే చెప్పుకుంటే మిగతా సంగతులు చాలావరకు వాటంతటవే అర్థమవుతాయి. సిలిండర్‌లో గ్యాస్ ద్రవంగా, చాలా ఒత్తిడి మీద ఉంటుంది. రెగ్యులేటర్ ఆ ఒత్తిడిని చదరపు సెంటీమీటరుకు దాదాపు 30 గ్రాములకు దించి స్టవ్‌కు పంపుతుంది. సైకిల్ ట్యూబులో కొట్టే గాలి దీనికంటే పదుల రెట్లు గట్టిది. అంటే బర్నర్ దాకా వచ్చే గ్యాస్ తోసుకుంటూ వచ్చే రకం కాదు, మెల్లగా జారి వచ్చే రకం. దారిలో గింజంత పిండి అడ్డం పడినా, పైపు ఒక్క మడత పడినా మంట పడిపోతుంది. అందుకే మన వంటింట్లో స్టవ్ నిజంగా చెడిపోయేది తక్కువ, మూసుకుపోయేదే ఎక్కువ. మూసుకుపోయిన దాన్ని మనమే తీసుకోవచ్చు. మనం విప్పకూడనివి మాత్రం మూడున్నాయి: సిలిండర్ వాల్వు, రెగ్యులేటర్, స్టవ్ నాబ్ వెనక ఉండి గ్యాస్‌ను వదిలే, ఆపే ఇత్తడి కాక్.

ముందు జాగా చూసుకోండి

వాస్తు ప్రకారం ఆగ్నేయ మూల, వండేవాళ్లు తూర్పు ముఖం. మా ఓనరు ఇల్లు కట్టించేటప్పుడే గట్టు అటే పోయించాడు, నాకేం పేచీ లేదు. కానీ ఆ మూలన కిటికీ లేకపోతే మాత్రం నా ఓటు కిటికీకే. గ్యాస్ మండేటప్పుడు గదిలోని గాలిని వాడుకుంటుంది. తలుపులన్నీ బిడాయించిన చిన్న వంటింట్లో గాలి చాలక మంట పసుపు రంగుకు తిరిగితే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు పుడుతుంది. దానికి రంగూ లేదు, వాసనా లేదు.

కిటికీ ఉన్నా గాలి నేరుగా మంట మీదికి కొట్టకూడదు. మన దిక్కు ఎండాకాలంలో కూలర్ గాలి హాలు దాటి వంటింట్లోకీ తిరుగుతుంది. సిమ్‌లో పెట్టిన పాల కింద మంట ఆరిపోయి, గ్యాస్ మాత్రం వస్తూనే ఉంటుంది. సిమ్‌లో పదేపదే ఆరిపోతోందంటే స్టవ్‌ను అనుమానించే ముందు కూలర్ మూతి ఎటుందో చూడండి.

స్టవ్ ఎప్పుడూ సిలిండర్ కన్నా ఎత్తున ఉండాలి. 1999లో దీపం పథకం వచ్చాక మా నానమ్మకు దేవరకొండ దగ్గరి ఊర్లో కనెక్షన్ వచ్చింది. కట్టెల పొయ్యి ఉన్న చోటే, నేల మీదే, గ్యాస్ పొయ్యి పెట్టుకుంది. కూర్చుని వండే అలవాటాయె. ఈ గ్యాస్ గాలి కన్నా బరువైంది. లీకైతే పైకి పోదు, నీళ్లలా నేల మీదే పరుచుకుంటుంది. నేల మీద మంట, నేల మీదే గ్యాస్! ఒక షాబాద్ బండను రెండు ఇటుక వరసల మీద వేసి గట్టు చేసినా చాలు. ఇప్పటికీ కింద పెట్టి వండే పెద్దవాళ్లు ఇంట్లో ఉంటే ముందు ఆ పని చేయండి.

సిలిండర్‌ను నిలబెట్టే వాడాలి. పడుకోబెడితే ఆవిరికి బదులు ద్రవమే రెగ్యులేటర్‌లోకి వచ్చేస్తుంది. గట్టు కింద అరలో పెట్టి తలుపు వేసేవాళ్లు ఆ తలుపుకు అడుగునా పైనా గాలి రంధ్రాలు పెట్టించాలి, అడుగువి మరీ ముఖ్యం. మే నెలలో 44, 45 డిగ్రీలు కొట్టే ఊళ్లు మనవి, పడమటి ఎండ పడే బాల్కనీలో బండను, అంటే సిలిండర్‌ను, వదలొద్దు. ఫ్రిజ్‌ను వంటింట్లోంచి బయటికి జరపగలిగితే ఇంకా మేలు. అది తనంతట తానే ఆన్ అయ్యేటప్పుడు స్విచ్‌లో చిన్న నిప్పురవ్వ రావచ్చు.

బండ గడప దాటక ముందే

సిలిండర్ తెచ్చిన తమ్ముడు తొందరలో ఉంటాడు. ఉండనీయండి. సీలు, మూత చూశాక బరువు తూయించండి. బండ పై భాగంలో ఖాళీ సిలిండర్ బరువు రాసి ఉంటుంది. దానికి 14.2 కిలోలు కలిపితే ఎంతో, తూకంలో అంత రావాలి. బండ మెడ దగ్గర నిలువు పట్టీల లోపలి వైపు ఒక అక్షరం, పక్కన రెండంకెలు కనిపిస్తాయి. అది మళ్లీ పరీక్ష చేయాల్సిన గడువు. ఏ అంటే జనవరి నుంచి మార్చి, బీ అంటే జూన్ దాకా, సీ అంటే సెప్టెంబర్ దాకా, డీ అంటే డిసెంబర్ దాకా. అంకెలు సంవత్సరం. గడువు దాటిన బండ వస్తే వెనక్కి పంపండి.

ఆ తర్వాత మూత తీయించి, వాల్వు గుంటలో నాలుగు చుక్కల నీళ్లు పోయమనండి. బుడగలు వస్తే వాల్వు లీకు, బండ మార్చాల్సిందే. ఆ గుంటలోనే నల్లటి చిన్న రబ్బరు రింగు ఉంటుంది. అది లేకున్నా, నెర్రెలిచ్చినా, రెగ్యులేటర్ ఎంత గట్టిగా పెట్టినా వాసన వస్తూనే ఉంటుంది. మా మూడో ఇంట్లో ఒక బండకు అట్లనే అయింది. పైపు తప్పనుకుని కొత్త పైపు కొన్నాను. తప్పు ఆ రింగుది! తెచ్చినవాళ్ల దగ్గర రింగులు ఉంటే అప్పటికప్పుడే మారుస్తారు, లేకపోతే వేరే బండ అడగండి. చూసి తీసుకోవడం మన హక్కు, మొహమాటపడకండి.

పైపు, రెగ్యులేటర్ బిగించడం

పైపు అంటే సురక్ష పైపు. నారింజ రంగు, లోపల ఉక్కు తీగల అల్లిక, పైన ఐఎస్ఐ గుర్తు, తయారైన తేదీ. ఆకుపచ్చ రంగు మామూలు రబ్బరు పైపులు ఇంకా కొన్ని కొట్లలో దొరుకుతున్నాయి, వద్దు. ఎలుక కొరికితే వాటికి అడ్డు చెప్పే తీగ లోపల లేదు. పొడవు మీటరున్నర చాలు. రెండు పైపులు అతికించడం, ఒక బండకు రెండు పాయలు తీయడం, ఇవన్నీ కొత్త లీకులకు దారులు.

సిలిండర్ రెగ్యులేటర్ ఆఫ్‌లో పెట్టి, పైపు ఒక కొసను స్టవ్ వెనక నాజిల్‌కు ఎక్కించండి. నాజిల్ మీద గాట్లన్నీ పైపు లోపలికి పోవాలి. బిగుతుగా ఉంటే పైపు కొసను వేడినీళ్లలో అర నిమిషం ముంచితే లొంగుతుంది. మంట మీద కాల్చొద్దు, నూనె పూయొద్దు. రెండో కొస రెగ్యులేటర్ నాజిల్‌కు. ఎక్కించాక రెండు వైపులా గట్టిగా లాగి చూడండి. జారిందంటే పైపు సైజు తప్పు.

ఇప్పుడు నా తప్పు. రెండో ఇంట్లో గట్టు ఇరుకు. పైపును స్టవ్ కింది నుంచి, సరిగ్గా పెద్ద బర్నర్ అడుగు నుంచి తీసుకొచ్చాను. పదిహేను రోజులు పోయాక ఒకరోజు పప్పు ఉడుకుతుంటే రబ్బరు కాలిన వాసన. స్టవ్ ఎత్తి చూస్తే పైపు ఒక పక్క మెత్తబడి, వేలితో నొక్కితే గుంట పడుతోంది. పైపు ఎప్పుడూ స్టవ్ పక్క నుంచే, వేడి తగలకుండా, వంపు సాఫీగా దిగాలి. దాని మీద గుడ్డ చుట్టడం, అందానికి ఇంకో పైపు తొడగడం కూడా వద్దు, చీలిక వస్తే కనబడదు.

రెగ్యులేటర్ పెట్టేటప్పుడు నాబ్ ఆఫ్‌లో ఉందో లేదో మళ్లీ చూసుకోండి. కింద ఉన్న నల్ల ప్లాస్టిక్ కాలర్‌ను పైకి ఎత్తి పట్టుకుని, వాల్వు మీద నిలువుగా పెట్టి, కొద్దిగా అటూ ఇటూ తిప్పుతూ కిందికి నొక్కండి. కూర్చుంది అనిపించగానే కాలర్‌ను కిందికి వదిలితే టక్కుమని పడుతుంది. ఆ టక్కు వినపడకపోతే అది పట్టలేదన్నట్టే. పట్టాక పైకి లాగినా ఊడి రాకూడదు.

సబ్బు నీళ్ల పరీక్ష

స్టవ్ నాబులన్నీ ఆపి, రెగ్యులేటర్ మాత్రమే ఆన్ చేయండి. గిన్నెలో బట్టల సబ్బు బాగా నురగ వచ్చేలా కలిపి, వేళ్లతో గానీ పాత బ్రష్‌తో గానీ నాలుగు చోట్ల పూయండి: రెగ్యులేటర్ మెడ, పైపు రెండు కొసలు, నాబుల వెనక కాక్‌లు. ఒక నిమిషం కదలకుండా చూడండి. నురగ చదునుగా ఉంటే బాగు. ఒకే చోట బుడగ మెల్లగా ఉబ్బి, పగిలి, మళ్లీ ఉబ్బుతుంటే లీకు అక్కడే. అగ్గిపుల్ల గీసి లీకు వెతికేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఆ ధైర్యం నాకు లేదు, మీకూ వద్దు. ఏ భాగం విప్పి మళ్లీ పెట్టినా ఈ పరీక్ష మళ్లీ చేయాలి.

ఒక పొయ్యా, రెండూనా?

మంట తగ్గినప్పుడు మొదటి ప్రశ్న ఇదే. మా అమ్మ ఒకరోజు ఆఫీసుకు ఫోన్ చేసింది: "గ్యాస్ అయిపోయినట్టుంది బిడ్డా, రొట్టె కాలుతలేదు." బండ పెట్టి పన్నెండు రోజులే.

"రెండు పొయ్యిలూ అట్లనే ఉన్నయా అమ్మా, పెద్దదొక్కటేనా?"

"చిన్నది మంచిగనే మండుతుంది."

చిన్నది మంచిగా మండుతోందంటే బండ, రెగ్యులేటర్, పైపు మూడూ బాగున్నట్టే. తప్పు ఆ ఒక్క బర్నర్‌లోనో, దానికి గ్యాస్ వదిలే సన్న రంధ్రపు మర, అంటే జెట్టులోనో. రెండూ ఒకేలా తగ్గితే మాత్రం బర్నర్ల జోలికి పోకుండా కింది నుంచి చూసుకుంటూ రండి. బండ నిండుగా ఉందా, పైపు మడత పడిందా, బండను జరిపే బండి చక్రం పైపు మీదెక్కిందా, రెగ్యులేటర్ నాబ్ పూర్తిగా తిరిగిందా? ఇవన్నీ బాగుండి కూడా మంట లేవకపోతే అది రెగ్యులేటర్. దాన్ని విప్పకండి, తట్టకండి. ఏజెన్సీకి తీసుకెళ్లి మార్పించుకోవడమే.

రొట్టె పిండి, బర్నర్ రంధ్రాలు

ఆరోజు సాయంత్రం అమ్మ బర్నర్ తీసి చూశాను. మన పాలమూరు, నల్లగొండ ఇండ్లల్లో జొన్న రొట్టె పెద్ద మంట మీదే కాలాలి. చేత్తో చరిచిన రొట్టెను పెంక మీద వేసేటప్పుడు అంచుల నుంచి పొడిపిండి రాలుతుంది. దానికి తోడు వారానికోసారి పొంగే పాలు. పిండి, పాలు కలిసి రంధ్రాల్లో కాలి గట్టిపడ్డాయి. బర్నర్ టోపీ పక్కన వరసగా ఉండే రంధ్రాల్లో మూడో వంతు నల్ల ఆవగింజలు కూర్చున్నట్టు కనిపించాయి. రొట్టె ఒక పక్క మాడి, ఒక పక్క పచ్చిగా ఉండటానికి కారణం అదే. మంట సగం చక్రమే వస్తోంది.

శుభ్రం చేసే తీరు ఇది. రెగ్యులేటర్ ఆపి, బర్నర్ పూర్తిగా చల్లారాక టోపీ ఎత్తండి. ఇత్తడిదైతే నిమ్మకాయంత చింతపండు పిసికిన వేడినీళ్లలో ఇరవై నిమిషాలు నానబెట్టండి. మసి మెత్తబడుతుంది, ఇత్తడి కొత్తదానిలా మెరుస్తుంది. అల్యూమినియం రకమైతే చింతపండు వద్దు, గిన్నెలు తోమే సబ్బు చాలు. పాత టూత్‌బ్రష్‌తో రుద్ది, ఒక్కో రంధ్రంలో కొబ్బరి చీపురు పుల్ల దూర్చి తిప్పండి. పుల్ల మెత్తనిది, రంధ్రాన్ని పెద్దది చేయదు. నల్లా కింద కడిగి, నేల మీద తట్టి నీళ్లు రాల్చి, ఎండలో పెట్టండి. మన బోరు నీళ్లు ఊరికే ఆరితే తెల్లటి సున్నం మిగులుతుంది, అదీ రంధ్రాలకు అడ్డమే. అందుకే చివరి కడుగుడు తాగే నీళ్లతో కడిగి బట్టతో తుడిచేస్తాను.

టోపీ కింద ఉండే గొట్టం సంగతి చాలామంది మరిచిపోతారు. గ్యాస్, గాలి కలిసేది అక్కడే. కొన్ని రోజులు వాడని స్టవ్ అయితే ఆ గొట్టంలో సాలీడు గూడు కట్టేస్తుంది. పుల్లకు గుడ్డపేలిక చుట్టి ఆ కొస నుంచి ఈ కొసకు లాగండి. మళ్లీ పెట్టేటప్పుడు గొట్టం మూతి సరిగ్గా జెట్టుకు ఎదురుగా రావాలి, టోపీ తన గాట్లో చదునుగా కూర్చోవాలి. ఇవి కాస్త వంకరైనా మంట టోపీ పైన కాకుండా కింద, గొట్టం మూతి దగ్గర అంటుకుంటుంది. గరగరమని చప్పుడు వస్తుంది. అలా అయితే వెంటనే ఆపి, చల్లారాక సరిచేసి మళ్లీ వెలిగించండి.

జెట్టు వేరే కథ. కాక్ కొసన ఉండే చిన్న ఇత్తడి మర, మధ్యలో రంధ్రం. అది మిల్లీమీటరు కూడా ఉండదు. ఎంత గ్యాస్ రావాలో తేల్చేది ఆ రంధ్రమే. ఒకసారి నేను దాన్ని సూదితో గట్టిగా పొడిచాను. రంధ్రం పెద్దదైంది. మంట ఎత్తుగా, పసుపుగా లేచి గంజుల అడుగులన్నీ కాటుక పెట్టినట్టు నల్లబడ్డాయి. ఎంత తుడిచినా మరునాటికి మళ్లీ మసి. చివరికి కొత్త జెట్టు వేయించాల్సి వచ్చింది. కాబట్టి జెట్టు మూసుకుపోతే విప్పించి, కిరోసిన్ దొరికితే అందులో నానబెట్టి, వెనక నుంచి గట్టిగా ఊదాలి. చేయి తిరగకపోతే మెకానిక్‌ను పిలవడమే నయం. పెద్ద బర్నర్ జెట్టు, చిన్న బర్నర్ జెట్టు కొలతలు వేరు, తారుమారు చేయకండి.

హైదరాబాద్‌లో పైపు గ్యాస్ వాడే చుట్టాలు పాత స్టవ్ ఇస్తే దాన్ని నేరుగా మన బండకు పెట్టకండి. ఆ గ్యాస్ వేరు, దానికి జెట్టు రంధ్రం పెద్దది. సిలిండర్ గ్యాస్‌కు అది పనికిరాదు, మంట జానెడు ఎత్తు లేస్తుంది. ముందు జెట్లు మార్పించాలి.

మంట రంగు

మంచి మంట నీలంగా, ఒక్కో రంధ్రం దగ్గర చిన్న కోనలా నిలబడుతుంది. కొసలు పసుపు రంగుకు తిరిగి మసి పడుతుంటే గాలి చాలడం లేదన్నట్టు. గొట్టంలో మురికి గానీ, గొట్టం మూతి దగ్గర గాలి వచ్చే కిటికీ మూసుకోవడం గానీ, పెద్దదైపోయిన జెట్టు గానీ కారణం. మంట బర్నర్‌ను వదిలి పైకి ఎగిరి ఊగుతుంటే గాలి ఎక్కువైనట్టు. కొన్ని స్టవ్‌లకు ఆ గాలి కిటికీని జరిపే చిన్న రేకు ఉంటుంది, వెంట్రుకవాసి జరిపితే చాలు. పప్పు పొంగినప్పుడు మంట నారింజ రంగులో చిటపటలాడితే కంగారు పడకండి. ఉప్పు మండే రంగది, కాసేపట్లో పోతుంది.

నాబులు, లైటర్, గాజు

నాబ్ గట్టిపడితే లోపలి కాక్‌లో గ్రీజు ఎండిందన్నమాట. వంటనూనె చుక్క వేస్తే ఆ పూటకు తిరుగుతుంది, నెలకు జిగటై మళ్లీ పట్టేస్తుంది. వేడికి కరగని గ్రీజు పెట్టడం మెకానిక్ పని, పెట్టాక సబ్బు నీళ్లతో చూడటం మన పని. ఆటో స్టవ్‌లో చిటుక్కుమంటున్నా నిప్పు రాకపోతే ముందు తడి తుడవండి. తర్వాత బ్యాటరీ ఉన్న రకమైతే అది మార్చండి. గాజు స్టవ్ మీద వేడిగా ఉన్నప్పుడు చల్లటి తడిగుడ్డ వేయొద్దు. గాజు అంచులు దాటేంత పెద్ద గంజు పెట్టి గంటల తరబడి బగారా వండొద్దు. మంట వేడి గంజు అడుగున కొట్టుకుని గాజు మీదికే తిరిగొస్తుంది.

వాసన వస్తే

వంట గ్యాస్‌కు తనదైన వాసన లేదు. లీకు తెలియాలనే ఆ ఘాటు వాసన కలుపుతారు. వాసన రాగానే రెగ్యులేటర్ ఆపండి. తలుపులు, కిటికీలు తెరవండి, నేల మట్టంలో గాలి పోయే తలుపు ముందు. దీపం, అగరుబత్తి ఉంటే ఆర్పండి. ఏ స్విచ్చూ ముట్టొద్దు. లైటు వేయొద్దు, వెలుగుతున్న లైటు ఆపొద్దు, ఎగ్జాస్ట్ ఫ్యాన్ మరీ వద్దు. రెగ్యులేటర్ ఆపినా బుసబుసమంటుంటే అది తీసి వాల్వుకు మూత బిగించండి. ఆ మూతను దారంతో బండకే కట్టి ఉంచుకోవడం ఇలాంటి రోజు కోసమే. ఇంట్లోంచి బయటికొచ్చాకే ఫోన్. 1906కు ఏ వేళలోనైనా చేయొచ్చు, మంట అంటుకుంటే 101.

ఇక పైపు. ఐదేండ్లకోసారి మార్చాలి, నెర్రెలిస్తే అంతకు ముందే. మార్చిన తేదీని మార్కర్‌తో గట్టు పక్క టైలు మీద రాసి పెట్టుకున్నాను. పాత పైపును అట్లనే పారేయకండి, కత్తితో రెండు ముక్కలు చేసి చెత్తలో వేయండి. మేం ఒకసారి ఊరికే పారేసిన పైపు, ఆ బర్నర్ కింద మెత్తబడినదే, వారం తర్వాత మా సందు చివర టీ బండి మీద కనిపించింది.